తొంభై తొమ్మిదింటిని ఎవరికి అప్పజెప్పి పోయిండు

పోయిన నెల మా గుడి పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చిండు. నా మనుమని ఈడు పిలగాడు, మంచోడే. పాలమూరుల ఇప్పుడు మా గుడి ఎనుకటి గుడి కాదు. లోపల చల్లటి గాలి మిషన్లు, గోడలకు టీవీలు, పక్క గల్లీల పండుకున్నోన్ని గూడ లేపేటంత పెద్ద సౌండు బాక్సులు. దేవునికి చెవుడొచ్చిందని వీళ్లకు ఎవరు చెప్పిన్రో నాకైతే తెల్వదు. అయ్యగారు చాయ తాగి, గుడికి ఉత్సవం చేస్తున్నమనీ, పాతకాలపు సేవకుల పిల్లలు ఒక్కొక్కరు లేచి మాట్లాడాలనీ చెప్పిండు. నాకిచ్చిన అంశం, సువార్త పనిల మాటలకెంత జాగా, చేతలకెంత జాగా అని. టైమేమో ఐదు నిమిషాలు. నాకు నవ్వాగలే. మా నాయిన గురించి ఐదు నిమిషాలల్ల చెప్పాల్నట. ఆయనకు ప్రసంగం మొదలువెట్టే ముందు గొంతు సవరించుకోనీకెనే గంత సేపు పట్టేది.

ఇంకోటి గూడ అడిగిండు. పాత వస్తువు ఏదన్న ఉంటే ఇయ్యమన్నడు, అద్దాల పెట్టెల వెట్టి కింద నాయిన పేరు రాసిన చిట్టి అంటిస్తరట. మరి మా అమ్మ పేరో అని అడిగిన. పిలగాడు జర ఇబ్బందిగ నవ్వి, "అమ్మగారు ప్రసంగాలు గిట్ల చెయ్యలేదు గదా అవ్వా" అన్నడు. చెయ్యలే, నిజమే. ఆమెకు నోరు తెరిచే సందు మా నాయిన యాడ ఇచ్చిండు.

ఆయన పోయినంక ఇనుప సందుగ తెరిచిన. అమ్మ చీరెల కింద గొంగడి దొరికింది. నల్ల గొంగడి, పురుగులు కొట్టి జల్లెడయింది. అయినా మడత ఇప్పంగనే గొర్రె బొచ్చు వాసన, దారం గట్టిపడాలని పట్టించిన చింతగింజల గంజి వాసన గుప్పుమన్నయి. గొంగడి ఒళ్లె ఏసుకొని ఆడనే కూసున్న. ఆ గొంగడి మా నాయినకు ఆయన చేసిన ప్రసంగాలకు రాలే. ఆయన మధ్యల ఆపేసిన ఒక్క ప్రసంగానికి వచ్చింది. అయ్యగారి అంశానికి జవాబు అందులనే ఉన్నది గని, ఐదు నిమిషాలల్ల ఒడువదు.

మాది ఆత్మకూర్ దిక్కు ఊరు. కృష్ణ దగ్గరనే ఉన్నదంటరు గని మా బాయిలల్ల ఎండకాలం చుక్క ఉండకపోయేది. ఊరికి ఎడంగ మిషనోళ్లు కట్టిన చిన్న పెంకుల గుడి, దాని పక్కన మాకు ఒక అర్ర, ముందట యాపచెట్టు. మా నాయిన ఆ గుడికి ఉపదేశి. ఉపదేశి అంటే అయ్యగారి పనంత చెయ్యాలె, అయ్యగారనిపించుకునే హక్కు మాత్రం ఉండదు. తెల్ల నిలువంగి తొడుక్కోరాదు, బాప్తిస్మమియ్యరాదు, రొట్టె పంచరాదు. పొద్దటి పూట పిల్లలకు అఆలు గూడ చెప్తుండె గనుక ఊరంత పంతులనేటోళ్లు. నాయినకు పంతులు అనిపించుకోవుడు ఇష్టం లేకుండె. అయ్యగారు అనిపించుకోవాల్నని ఆయన పానం కొట్టుకునేది. ఇంట్ల మేం ఏం తిన్నా, ఏం తాగినా, "నేను అయ్యగారినయినంక" అన్న మాట నంజుకునేది ఉండె.

మాటలంటరా, దేవుడు మా ఊరికి వానలు తక్కువ చేసిన లోటంత నాయిన నోట్ల పూడ్చిండు. పొద్దున లేస్తే ప్రార్థన, జొన్నరొట్టె ముందట ప్రార్థన, ఆ రొట్టె సల్లారి అట్టయేదాక ప్రార్థన. ఆ రోజులల్ల మా దిక్కు నారికురుపు బాగుండె. బాయినీళ్లు తాగినోళ్లకు కాలిల పురుగు పడి, పుండు పలిగి, తెల్లటి దారమోలె బయటికొచ్చేది. గుంజితే తెగుతది, తెగితే కాలు చీము పడ్తది. పుల్లకు చుట్టుకుంట దినాం జరంత జరంత ఓపికతోటి తియ్యాలె. మా అమ్మ గా పని చేసేది. యాపచెట్టు కింద ముక్కాలిపీటేసుకొని, వచ్చినోని కాలు ఒళ్లె వెట్టుకొని, గోరెచ్చటి నీళ్లు పోసి, ఆకు కట్టి, నోరిప్పకుండ చుట్టేది. ఇగ నాయినకు పండుగే. పురుగు బయటికి వస్తుంటే మనిషి లేవలేడు, కదలలేడు. గంతకన్న మంచి శ్రోత యాడ దొర్కుతడు. కాలు అమ్మ చేతిల, చెవులు నాయిన చేతిల. నొప్పికి వాడు అయ్యో అంటే, పాపం ఒప్పుకుంటున్నడని నాయిన సంబరపడేటోడు.

ఒక కరువు ఏడు మిషనోళ్లు పాలపొడి డబ్బలు పంపిన్రు. పంచేముందు నాయిన వాక్యం చెప్పాల్నని పట్టువట్టిండు. ఊర్ల గొర్లు కాసే కురుమోళ్లు వచ్చి, ఎండల కూసొని, మొత్తం విని, పొడి ఇంటికి తీస్కపోయిన్రు. వాళ్ల ఇంట్ల పాలకు కరువా, మందల గొర్లు మేకలు పెట్టుకొని. తల్లి సచ్చిన పిల్లలకు ఆ పొడి కలిపి తాపిన్రు. ఆ ఏడు మా ఊర్ల నాయిన సువార్త వల్ల నిజంగ బతికినయంటే గొర్రెపిల్లలే. నాయిన మాత్రం, కురుమోళ్లల్ల ఆకలి మొదలైంది, ఆత్మ ఆకలి, అని మిషనోళ్లకు ఉత్తరం రాసిండు.

కురుమోళ్ల కులపెద్ద పేరు బీరయ్య. పొడుగ్గ, సన్నగ, తలకు పాగ, భుజం మీద గొంగడి, నడుముకు నీళ్ల ఆనపకాయ బుర్ర. మా ఇంట్ల నీళ్లు తాగరాదని ఆ బుర్ర తెచ్చుకునేటోడు. మేం ఏ వాడకెళ్లి వచ్చినమో ఆయనకు ఎరికే, మాకూ ఎరికే, దాని గురించి ఎవరూ మాట్లాడకపోయేది. గుడి లోపలికి గూడ రాకపోయేటోడు. యాపచెట్టు కింద, మా అమ్మ పీటకు జర ఎడంగ కూసొని కథలు వినేటోడు. కథలంటే ఆయనకు పానం. నాయినేమో ఈ ఒక్కన్ని బాప్తిస్మపు నీళ్లల్ల ముంచితే కురుమోళ్లంత వస్తరు, వస్తే నేను అయ్యగారినైత అని ఆశ. అందుకే ఏరి ఏరి తప్పిపోయిన గొర్రె కథ చెప్పిండు. గొర్ల కాపరికి గొర్ల కథ. వంద గొర్లు ఉన్నోడు, ఒకటి తప్పిపోతే, తొంభై తొమ్మిదింటిని అడివిల ఇడిసిపెట్టి ఆ ఒక్కదాన్ని ఎతుక్కుంట పోయిండని, దొరికితే భుజాన ఏసుకొని తెచ్చిండని, నాయిన కండ్లల్ల నీళ్లు వెట్టుకొని మరీ చెప్పిండు.

బీరయ్య మొత్తం విన్నడు. చుట్ట ఆరిపోతే మళ్ల ముట్టిచ్చుకొని, "అంత బాగున్నది గని పంతులూ, తొంభై తొమ్మిదింటిని ఎవరికి అప్పజెప్పి పోయిండు?" అని అడిగిండు.

నాయిన అది ప్రేమ బీరన్నా, ప్రేమకు లెక్కలుండయి అన్నడు. బీరయ్య ప్రేమ సరే, తోడేలుకు లెక్కలుంటయి గదా అన్నడు. అడివిల మందను ఇడిసిపెట్టి పోయినోడు సాయంత్రానికి ఒక్క గొర్రెకే కాపరైతడు, వాన్ని మా కులంల చెట్టుకు కడ్తం అన్నడు. కొట్లాటకు కాదు, నిజంగనే తెలుసుకోవాల్నని అడిగిండు. నాయిన మిషనోళ్ల పుస్తకాలన్ని తిరగేసిండు, జవాబు దొరకలే. అప్పటిసంది కనవడ్డప్పుడల్ల బీరయ్య, జవాబు దొరికిందా పంతులూ అని అడిగేటోడు. నాయిన మొఖం మాడ్చుకొని తొవ్వ మారేటోడు. ఇంట్ల అమ్మ రొట్టె కొట్టుకుంటనే లోపల లోపల నవ్వేది.

గట్ల ఏండ్లు నడిచినయి. ఆఖరుకు ఒక ఎండకాలం కబురొచ్చింది. పెద్దయ్యగారు మా గుడికి వస్తుండు, ఆదివారం నాయిన ప్రసంగం వింటడు, బాగుంటే వచ్చే పండుగకు అయ్యగారిని చేస్తడు. పెద్దయ్యగారు కోస్తా మనిషి. రెండు రాష్ట్రాలు కలిసినంక మాకు పైనుంచి ఏదొచ్చినా ఆ దిక్కుకెళ్లే వచ్చేది, ఆశీర్వాదం గూడ. ఇగ నాయిన ఊకుంటడా. ఇంకా ఏం కాకముందే తెల్ల బట్ట కొనుక్కొచ్చి దర్జీతోటి నిలువంగి కుట్టిపిచ్చి సందుగల దాచిండు. బీరయ్యను బతిమాలి, ఆ దినం చెట్టు కిందనన్న కూసోమని మాట తీస్కున్నడు. ప్రసంగం ఏదంటే, గదే గొర్రె కథ. యాపచెట్టుకు, పొయ్యికి, నాకు, మా మేకకు చెప్పి చెప్పి నేర్చుకున్నడు. మేక ఒక్కటే మధ్యల లేచిపోయేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. నాయిన ఉత్తగ చెప్పకపోయేటోడు, ఆడి చూపెట్టేటోడు. చెట్టెక్కిన పొట్టి మనిషి కథ చెప్పుకుంట మా యాపచెట్టెక్కి, దిగరాక, నిచ్చెన తెప్పిచ్చుకున్నడు. చెరువుల తుపాను వచ్చిన కథకు బల్ల ఊపి ఊపి దీపం కింద పడగొట్టిండు. మా సంఘపోళ్లకు గది అలవాటైపోయింది. ప్రసంగం మధ్యల నాయిన ఏం చేసినా అది వాక్యంల భాగమే అనుకునేటోళ్లు.

ఆదివారం వచ్చింది. పెద్దయ్యగారు జీపుల దిగిండు. అంతకుముందు మా ఊరికి జీపొచ్చింది తహసీల్దారు కోసమే. గుడి నిండింది, కిటికీలు నిండినయి. పెద్దయ్యగారు ముందట కుర్చీల, నాయిన బల్ల ఎనక, చెమటలు కారుకుంట. చెట్టు కింద చూస్తే బీరయ్య లేడు. నాయిన ఒక కన్ను పెద్దయ్యగారి మీద, ఒక కన్ను కిటికీ మీద వెట్టి మొదలువెట్టిండు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, ఆ దినం బాగనే చెప్పిండు. పెద్దయ్యగారు తల ఊపవట్టిండు. నాకు గుడిల కూసొనే నిలువంగి కనవడవట్టింది.

కథ సగానికి వచ్చింది. కాపరి మందను చూసిండు, ఒకటి తక్కువున్నది. అప్పుడు గేటుకాడ బీరయ్య కనవడ్డడు, నెత్తికి పాగ లేకుండ. అమ్మ బయట వంటకాడ ఉండె, ఎదురువోయింది. తరువాత మాకు తెలిసిందేందంటే, కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆయన బిడ్డ ఎల్లమ్మ నిన్నటిసంది నొప్పులు పడుతుంది, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది. బండి కట్టి పోతే దవాఖాన చేరెసరికి పొద్దు గూకుతది, అందాక పానం ఆగదు. సాయం అడగనీకె రాలే ఆయన. చెట్టు కింద కూసుంటనని మాటిచ్చిండు గదా, కూసోలేనని చెప్పిపోనీకె వచ్చిండు.

ఎన్నడు లేంది మా అమ్మ ప్రసంగం నడుస్తుంటే మధ్యల తొవ్వ చేసుకుంట ముందటికి నడిచింది. చేతులకు పిండి అట్లనే ఉన్నది. బల్లకాడికి పోయి నాయిన చెవుల ఒక్క మాట చెప్పింది. నాయిన పెద్దయ్యగారి దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. "తొంభై తొమ్మిదింటిని ఇడిసిపెట్టి" అన్నడు, ఆడికి ఆపిండు. పుస్తకం మూసి, అమ్మ చేతిల వెట్టి, జనాన్ని జరుపుకుంట బయటికి ఉరికిండు.

మా సంఘపోళ్లు అబ్బా అన్నరు. ఈసారి నాయిన గొర్రెను ఎతకపోతుండు, ఇంకాసేపట్ల భుజాన ఏసుకొని వస్తడు అని అందరు మెడలు చాపి తలుపు దిక్కు చూడవట్టిన్రు. ముసలవ్వ ఒకామె అప్పుడే ఏడ్పు మొదలువెట్టింది. పెద్దయ్యగారు గూడ ముందుకు వంగి, "అద్భుతం" అన్నడు. అంతల బయట జీపు చాలైన సప్పుడు వినవడ్డది. గొర్రె కోసం జీపు ఎందుకని ఎవరికీ అనుమానం రాలే. పెద్దయ్యగారికి వచ్చింది, ఎందుకంటే జీపు ఆయనది. డ్రైవరుకు నాయిన అబద్ధం చెప్పలే, నిజం గూడ చెప్పలే. బీరయ్యను ఎక్కిచ్చి, తనూ ఎక్కి కూసొని, పోనియ్యి అన్నడు. గుడిలకెళ్లి ఉరికొచ్చినోడు పెద్దయ్యగారి మాట మీదనే వచ్చిండని డ్రైవరు అనుకున్నడు.

ఇగ గుడిల గోల. సగం మంది లేస్తున్నరు, పెద్దయ్యగారు నిలవడి దిక్కులు చూస్తుండు. అమ్మ తలుపుకాడికి పోయి, నాయిన పుస్తకం చంకల వెట్టుకొని, చెయ్యెత్తింది. కూసోండ్రి, ఎవరు పోవద్దు, ఆయన వస్తడు అన్నది. అంతే. వాళ్లు కూసున్నరు. ఆమెకు వచ్చిన పాట ఒకటి ఎత్తుకున్నది, శ్రుతి లేదు, తాళం లేదు. అది అయినంక ఎల్లమ్మ కోసం అందరితోటి మోకరింపచేసింది. అది అయినంక ఇస్తార్లేసి అందరికీ వడ్డించింది. పెద్దయ్యగారికి గూడ నేల మీదనే, జొన్నరొట్టె, పుంటికూర. ఆయన ఆ రాత్రి మా నులక మంచంల పండుకున్నడు. నల్లులకు కోస్తా, తెలంగాణ తేడా తెల్వదు.

నాయిన మరునాడు పగటిపూట దవాఖానకెళ్లి వచ్చిండు. అంగికి నెత్తురు మరకలు, కండ్లు ఎర్రగ. తల్లి బతికింది, పిల్ల బతికింది, ఆడపిల్ల. పెద్దయ్యగారు అన్ని విని, దేవునికి స్తోత్రం చెప్పి, దారిలో వాళ్లకు వాక్యం చెప్పారా అని అడిగిండు. లేదండి అన్నడు నాయిన, ఎల్లమ్మ తలకాయ పట్టుకొని కూసున్న అన్నడు. పోనీ పిల్లకు ఏం పేరు పెట్టారు అని అడిగిండు. బీరప్ప దేవుని పేరు మీద బీరమ్మ అని పెట్టిన్రు అన్నడు. పెద్దయ్యగారు మంచాన కూసొని చాలాసేపు దోతి అంచు సర్దుకున్నడు. చెడ్డ మనిషి కాదు, పద్ధతి మనిషి. ఆఖరుకు, "ఆరాధన మధ్యలో సంఘాన్ని విడిచిపెట్టి వెళ్లిపోయిన వ్యక్తికి సంఘాన్ని ఎలా అప్పగిస్తామండీ?" అన్నడు.

నేను నాయిన మొఖం చూసిన. ఆయన దగ్గర జవాబున్నది. నిన్న సగం చెప్పి ఆపిన ప్రసంగం మొత్తం జవాబే. పుస్తకం అమ్మ చేతిల్నే ఉన్నది. చెప్తడు, ఇప్పుడు చెప్తడు అని నేను ఎదురుచూసిన. నాయిన చెప్పలే. మంచిదండి అన్నడు, పెద్దయ్యగారి సంచి ఎత్తి జీపుల పెట్టిండు. నాయిన దగ్గర మాటలుండి గూడ మాట్లాడకుండ ఊకున్నది నా ఎరికల అదొక్కసారే. ఆ దినం ఆయనంటే నాకు ఎంత గర్వమైందో, నిలువంగి పోయిందని అంత ఏడ్పొచ్చింది.

నాయిన అయ్యగారు కాలే. ఆఖరుదాక ఉపదేశే. ఆ నిలువంగిని అమ్మ ఒక ఏడు సందుగల ఉంచి, తరువాత కత్తిరించి నాకు లంగ కుట్టింది. నాయిన అయ్యగారితనాన్ని నేను బడికి తొడుక్కపోయిన. బీరయ్య గూడ మతం కలవలే, ఆయన దేవుడు ఆయనకు, మా దేవుడు మాకు. కాకపోతే ఆ చలికాలం తన మంద బొచ్చు కత్తిరించి, తనే నేసి, గొంగడి తెచ్చి నాయిన భుజాన కప్పిండు. పీట మీద కూసొని అమ్మను నీళ్లడిగిండు. అమ్మ చెంబు ఇచ్చింది. గటగట తాగి, చెంబు కింద వెట్టి పోయిండు. ఆ దినం ఆయన నడుముకు బుర్ర లేకుండె. నాయిన మాత్రం ఏం మారలే. మరుసటి ఆదివారమే మళ్ల గంటలకు గంటలు చెప్పవట్టిండు. ఒక్క మంచి పని చేస్తే నోరు మూతపడ్తదనుకున్నం, పడలే.

ఇప్పుడు మా అయ్యగార్లకు జీపులు కాదు, కార్లున్నయి, వెనక అద్దానికి వాక్యం రాసి ఉంటది. పొద్దున లేచేసరికి నా ఫోన్ల నలభై పూలదండల వాక్యాలు. పోయిన వానకాలం నేను బాత్రూంల జారిపడి మంచానపడితే గూడ వాక్యాలే వచ్చినయి. ఆ పూట గంజి కాసి తెచ్చింది కిరాయికున్న మస్తానమ్మ. ఎవరినీ తప్పుపట్టను. మా నాయిన బతికుంటే ఆయన గూడ గా ఫోన్లనే ఉండేటోడు, పొద్దుమాపు.

నాయిన పోయినప్పుడు కొత్త అయ్యగారు వచ్చి సమాధి చేసిండు. మండే ఎండల, పెట్టె మీద గొంగడి కప్పి ఉంటే, ఈ దైవసేవకుని మాటల చేత ఎందరు వెలుగులకు వచ్చిన్రో అని చెప్పుకుంట పోయిండు. బీరయ్య వచ్చిండు, ముసలోడైండు, చేతిల కట్టె. పక్కన బీరమ్మ, పెండ్లయిన పిల్ల. ఎవరన్న రెండు మాటలు చెప్తరా అని అయ్యగారు మర్యాదకు అడిగితే బీరయ్య ముందటికొచ్చిండు. పెట్టె దిక్కు చూసుకుంటనే మాట్లాడిండు.

"పంతులును ఎన్నేండ్లసందో ఒక్కటే అడిగిన, తొంభై తొమ్మిదింటిని ఎవరికి అప్పజెప్పి పోయిండని. పాపం ఆయనకు చెప్పరాలే. నాకు తెలుసు. ఆ దినం జీపు కదులుతుంటే ఎనుకకు మల్లి చూసిన." కట్టె ఎత్తి మా అమ్మ దిక్కు చూపెట్టిండు. "గీ అమ్మకు అప్పజెప్పి పోయిండు. గందుకే పోగలిగిండు."

అప్పటిదాక కంట్ల చుక్క పెట్టని మా అమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏడ్చి, మొఖం తుడుచుకొని, పెట్టె మీది గొంగడి తీసి మడత వెట్టి నా చేతికిచ్చింది. ఎండల నిలవడ్డవు బీరన్నా, నీడకు రా, నీళ్లిస్త అన్నది.